చేతులు దించమనేవాడు

ఇది పెద్ద వరద వచ్చిపోయిన రెండో ఏడు జరిగిన సంగతి. ఏ వరద అని అడగక్కర్లేదు. ఆ ఊళ్ళో వరద అంటే అదొక్కటే. పిల్లల వయసులూ, పెళ్ళిళ్ళూ, చావులూ దానికి ముందా వెనకా అనే చెప్పుకుంటారు.

ఆ నీళ్ళు గోడల్ని పెద్దగా పడగొట్టలేదు. తలుపుల్ని మాత్రం గుమ్మాలతో సహా ఊడబెరుక్కుపోయాయి. నీళ్ళు తీసిన రోజు వీధి వీధంతా నోరు తెరుచుకుని కూర్చున్నట్టుంది. ఈ చివర నిలబడితే ఆ చివరిదాకా ఎవరింట్లో ఏముందో కనపడేది. బురదలో కుర్చీ, బురదలో ఉయ్యాల, బురదలో ముసలమ్మ.

పెద్దాయన సామిల్లు మెరక మీద ఉంది కాబట్టి బతికిపోయింది. ఆయన రెండు గేట్లూ బార్లా తీయించి, అడితిలో ఆరిన కలపంతా చూపించి, "తలుపులకి కోయండి" అన్నాడు.

"ఎన్ని తలుపులకండీ?" అన్నాడు కోత మేస్త్రి.

"వీధిలో ఎన్ని నోళ్ళు తెరుచుకున్నాయో అన్నిటికి. తలుపు లేని ఇంట్లో కంటిమీద కునుకెలా పడుతుందయ్యా?"

కోశారు. ఎవరైనా చేతులు నలుపుకుంటూ ఏదో చెప్పబోతే, "తలుపు దగ్గరగా వేసుకో, పిల్లలకి గాలి కొడుతుంది, ఫో" అని పంపేసేవాడు. చివరికి రొట్టెల బట్టీవాడి ఇల్లు ఒక్కటే మిగిలింది. అడితిలో పచ్చి దుంగలు తప్ప ఏమీ లేవు. పచ్చి కర్రతో గుమ్మం చేస్తే నెల తిరక్కుండా వంకర పోతుంది. పెద్దాయన నడుం మీద చేతులు పెట్టుకుని అటూ ఇటూ చూశాడు. గోడ అవతల మైదానం కనపడింది. మైదానంలో ఫుట్‌బాల్ గోలు కనపడింది. రెండు నిలువు కర్రలు, ఒక అడ్డకర్ర. ఏళ్ళ తరబడి ఎండలో ఆరిన గట్టి సరుకు.

"పీకండి" అన్నాడు.

మిల్లు జట్టులో ముందుండి ఆడే పొడుగోడు, "వాడింటికా!" అన్నాడు. ఎందుకంటే ఆ బట్టీవాడు ఎవరో కాదు, ఎదుటి జట్టు కెప్టెను. ప్రతి ఆటలోనూ రిఫరీగా ఉన్న పెద్దాయన మొహం మీదే, "నీ కళ్ళు నీ జట్టుకి తాకట్టు పెట్టావయ్యా!" అని అరిచేవాడు. అయినా గోలు పీకారు. కురచ చేసి గుమ్మం బిగించారు. తెల్లరంగు కూడా గీకలేదు. తర్వాత చాలాకాలం బట్టీవాడు, "ఇంట్లోకి అడుగుపెట్టిన ప్రతిసారీ గోలు కొట్టినట్టే ఉంటుంది నాకు" అనేవాడు.

మైదానానికి ఒకవైపు గోలు మిగిలింది, రెండోవైపు రెండు రాళ్ళు పెట్టారు. కొత్తది రేపు కోయిద్దాం అనేవాడు పెద్దాయన. రేపు వచ్చేసరికి ఎవరికో మంచమో, ఎవరి పసిబిడ్డకో తొట్టో అడ్డం వచ్చేది. అలా రెండేళ్ళు రాళ్ళతోనే నడిచింది. టాస్ గెలిచినవాడు రాళ్ళవైపే కోరుకునేవాడు. బంతి రాయి లోపలినుంచి పోయిందా, పైనుంచి పోయిందా అని దబాయించుకోవచ్చు కదా.

ఆ రాళ్ళ మధ్య నిలబడేవాడు పెద్దాయన కొడుకు. గోల్‌కీపరు. తండ్రి వాణ్ణి "ఏరా గోడా!" అని పిలిచేవాడు. ఊరికీ అదే అలవాటైంది. మర్యాదిచ్చేవాళ్ళు గోడబాబు అనేవాళ్ళు.

ఇప్పుడు పెద్దాయన పోయి నెలవుతోంది. మిల్లు మూత పడి ఉంది.

ఆరోజు గోడబాబు ఇంట్లో, ముందుగదిలో అతని అక్క మొగుడు కాళ్ళు బారజాపి కూర్చుని ఉన్నాడు. చెడ్డవాడు కాదు. పని తెమలకపోతే నిద్ర పట్టని మనిషి.

"ఏమోయ్ బావమరిదీ, కొనేవాళ్ళు రేపు పొద్దున్న వస్తారు. మిల్లూ, అడితీ, మైదానం అన్నీ కలిపే. మైదానంలో గోడౌను కడతారట. నువ్వు అవునంటే అవును, కాదంటే కాదు. ఉలకవూ పలకవూ, నేనేం చెప్పను వాళ్ళకి?"

"పొద్దున్నే చెబుతాలే బావా."

"రోజూ ఇదే మాట. రంపం తుప్పు పడితే ఇనప కొట్టువాడు కూడా తీసుకోడు. నడుపుతావా చెప్పు, రేపే నడుపు. అడ్డమెవడు?"

అడ్డమెవరో గోడకి తెలుసు. గూట్లో ఉంది అది. నల్లతాడుకి కట్టిన ఇత్తడి విజిల్.

సామిల్లులో ఒక పద్ధతి ఉండేది. పెద్దాయన దుంగల పక్కన ఒక చెక్కపెట్టె మీద నిలబడేవాడు, మెడలో ఆ విజిల్. రంపానికి ఎవరి చెయ్యి దగ్గరగా పోయినా, దుంగ దొర్లినా, బెల్టు జారినా ఒక్క ఊదు. వెంటనే మేస్త్రి రంపం ఆపాలి. షెడ్డులో ఉన్న ప్రతివాడూ ఎక్కడున్నవాడు అక్కడే ఆగి రెండు చేతులూ పైకెత్తాలి, వేళ్ళు విప్పి. పెద్దాయన ఆ చేతుల్ని ఒక్కొక్కటే చూసుకునేవాడు. చూశాక, "అన్నీ ఉన్నాయి. దించండి" అనేవాడు. ఆ మాట వినేదాకా ఎవడూ చెయ్యి దించడు. ముక్కు మీద ఈగ వాలినా సరే. కోత మేస్త్రికి ఎడమచేతిలో రెండు వేళ్ళు సగమే. అవి ఈ పద్ధతి రాకముందు పోయినవి. ఆ పద్ధతి వచ్చాక ఇంకెవరి వేలూ పోలేదు.

అందుకే పెద్దాయన మైదానంలో మాత్రం ఎన్నడూ విజిల్ ఊదలేదు. రిఫరీగా గట్టు మీద నిలబడే ఎర్ర చేతిరుమాలు ఊపేవాడు, గొంతు చించుకునేవాడు. అడిగితే, "అది చేతుల కోసం. ఆట కోసం కాదు" అనేవాడు. ఆటంటే ఆయనకి పిచ్చి. ఆట ఉన్నరోజు రంపం పెందలాడే ఆగేది. గెలిచినవాళ్ళకి సోడాలు, ఓడినవాళ్ళకి రెండేసి సోడాలు. ఓడినవాడికే కదా గొంతెండేది అని ఆయన లెక్క.

ఇంత చేసిన మనిషి కొడుకుని మాత్రం రంపం దగ్గరికి రానిచ్చేవాడు కాదు. షెడ్డు గీత దాటితే, "ఏయ్ గోడా, ఆఫీసులోకి ఫో" అని కసిరేవాడు. గోడ ఆఫీసుగదిలో కిటికీ పక్కన కూర్చుని, వచ్చేపోయేవాళ్ళతో మాట్లాడేవాడు, ఏ సైజు కావాలో అడిగేవాడు. నాన్నకి నా మీద నమ్మకం లేదు అనుకునేవాడు. ఆ మాట పైకి అనలేదు. తండ్రీకొడుకులు బంతి గురించి ఎంతసేపైనా మాట్లాడుకునేవాళ్ళు, మరో విషయం వచ్చేసరికి ఇద్దరికీ నోరు పెగిలేది కాదు.

పెద్దాయన పోయింది షెడ్డులోనే.

ఆ పొద్దున గోడ కిటికీ దగ్గర టీ తాగుతున్నాడు. విజిల్ మోగింది. రంపం మోత తగ్గుతూ తగ్గుతూ ఆగింది. గోడ ఎప్పట్లాగే కిటికీలోంచి తొంగి చూశాడు. పైకెత్తిన చేతులన్నీ చూశాడు. అన్ని వేళ్ళూ ఉన్నాయి. ఎక్కడా నెత్తురు లేదు. హమ్మయ్య అనుకుని వెనక్కి వచ్చి టీ గ్లాసు పట్టుకున్నాడు.

టీ అయిపోయింది. రంపం మళ్ళీ మొదలవలేదు. ఇంతసేపు ఎందుకా అని అతను మళ్ళీ లేచి చూసేసరికి చేతులన్నీ ఇంకా అలాగే గాల్లో ఉన్నాయి. పొడుగోడు, "పెద్దాయన కునుకు తీస్తున్నాడ్రా, చేతులు లాగేస్తున్నాయి" అని నవ్వుతున్నాడు. పెద్దాయన చెక్కపెట్టె మీద కూర్చుని, దుంగకి తల ఆనించి ఉన్నాడు. విజిల్ ఇంకా పెదాల మధ్యనే ఉంది.

గుండె పట్టేసినప్పుడు నడుస్తున్న రంపం పక్కన పడితే ఎవరి మీద పడతానో అనుకున్నాడో, సాయం కోసమే ఊదాడో, ఎవరికి తెలుసు? ఊదాడు. అందరూ ఒకళ్ళ చేతులు ఒకళ్ళు చూసుకున్నారు. ఆయన వైపు ఎవరూ చూడలేదు.

గోడ ఆ టీ సంగతి తల్లికి చెప్పలేదు. అక్కకి చెప్పలేదు. విజిల్ ఉన్న గూడు వైపు చూడాల్సి వస్తుందని ఆ గదిలో దీపం కూడా తనంతట తాను వెయ్యలేదు. మిల్లు నడపాలంటే అది మెడలో వేసుకోవాలి. ఊదాలి. ఆ మోత మళ్ళీ చెవిన పడాలి. అమ్మేస్తే ఆ బాధ ఉండదు.

బావ వెళ్ళాక కోత మేస్త్రి వచ్చాడు. చెప్పులు బయట విడిచి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"లోపలికి రా మావయ్యా."

"రాను బాబూ, మైదానం ఊడ్చి వస్తున్నా, ఒంటినిండా దుమ్ము. సాయంత్రం ఆట గుర్తు చేద్దామని. పెద్దాయన పేరున మనమూ బట్టీవాళ్ళూ ఆడుతున్నాం కదా. రిఫరీగా నువ్వుంటావేమోనని మావాళ్ళ ఆశ."

"నా వల్ల కాదు. ఆడతాను కావాలంటే."

"అలాగే అంటావనే పక్కూరి డ్రిల్లు మాస్టార్ని పిలిచాం." మేస్త్రి కదల్లేదు. సగం వేళ్ళతో గుమ్మం మీది పెచ్చు గోకుతున్నాడు. "మిల్లు అమ్ముతున్నావట."

"నాకు రంపం పని ఏం తెలుసు మావయ్యా? నాన్న నన్నెప్పుడన్నా దగ్గరికి రానిచ్చాడా?"

మేస్త్రి అతని మొహంలోకి ఆశ్చర్యంగా చూశాడు. "ఓర్నీ! ఎందుకు రానివ్వలేదనుకుంటున్నావు?"

"పనికిరాననే."

"నీ మొహం. ఓసారి నేనే అడిగాను. కుర్రాణ్ణి ఎక్కించండి రంపం మీదికి, నా దగ్గర నేర్చుకుంటాడు అని. ఆయన నా చెయ్యి పట్టుకుని ఇదిగో, ఈ మొండివేళ్ళు చూశాడు. 'వద్దు మేస్త్రీ. వాడి చేతులు బంతి పట్టే చేతులు. ఒక్క వేలు పోయినా నేను బతకలేను' అన్నాడు. నువ్వు బంతి పడితే అక్కడ గట్టు మీద ఎలా గెంతేవాడో చూశావా ఎప్పుడన్నా? చూడవులే, నువ్వు బంతి వైపు చూస్తావు."

అతను గోడకి జారగిలబడి కింద కూర్చున్నాడు. నెలరోజులుగా లోపల దాచుకున్నది బయటికొచ్చింది.

"ఆరోజు నేను కిటికీలోంచి చూశాను మావయ్యా. చేతులు చూశాను. బాగానే ఉన్నాయని వెళ్ళి టీ తాగాను."

మేస్త్రి దుమ్ము సంగతి మర్చిపోయి లోపలికొచ్చి ఎదురుగా చతికిలబడ్డాడు.

"నేను పక్కనే ఉన్నాను బాబూ. ఆయన కాలు నా కాలికి తగులుతోంది. ఊరికే జరిగాడనుకున్నాను. నేనూ చేతులే చూస్తున్నా. అందరం చేతులే చూశాం. ఆయన నేర్పింది అదే కదా మాకు."

లోపల తల్లి గిన్నె ఏదో కింద పెట్టిన చప్పుడైంది. విన్నదో లేదో తెలియదు. మేస్త్రి లేచి పోతూ, "విజిల్ లేకుండా మేం రంపం తిప్పం. అది మాత్రం చెబుతున్నా. ఆ పనికి చేతులు అక్కర్లేదు, కళ్ళు చాలు. అందరికీ వెనక నిలబడి అందర్నీ చూడటమే. నువ్వు రాళ్ళ మధ్య చేసేది అదే కాదూ?" అన్నాడు.

సాయంత్రం మైదానం నిండిపోయింది. వరద తర్వాత అంతమంది ఒకచోట చేరింది అప్పుడే. ఏ ఇంటికి ఆ ఇంటివాళ్ళు తలుపులు దగ్గరగా వేసుకుని వచ్చారు. పెద్దాయన నిలబడే గట్టు మీద ఆయన ఎర్ర చేతిరుమాలు పుల్లకి గుచ్చి పెట్టారు.

బట్టీవాడు ఆట మొదలుకాకముందే గోడ దగ్గరికొచ్చాడు. "ఇవాళ నీ వైపు కొడతాను చూడు. మీ నాన్న లేడు కదా అని మెల్లగా కొడతాననుకోకు."

"కొట్టు. నీ ఇంటి గుమ్మం అనుకున్నావేమో, ఇవి రాళ్ళు."

బట్టీవాడు నవ్వబోయాడు. నవ్వు మధ్యలో ఆగిపోయి మొహం అటు తిప్పుకున్నాడు. "ఆయన ఉంటే ఇప్పుడు నన్ను తిట్టాలి. ఎవరూ తిట్టకపోతే ఆడబుద్ధి కావట్లేదురా" అని గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు.

డ్రిల్లు మాస్టారు తెల్ల నిక్కరు, తెల్ల బూట్లతో మధ్యలోకి వచ్చాడు. బంతి గీత మీద పెట్టాడు. రిఫరీ అన్నాక విజిల్ తెచ్చుకుంటాడన్న సంగతి ఎవరికీ తట్టలేదు. ఇన్నేళ్ళూ ఆ మైదానంలో అది మోగితే కదా. ఆయనకి చెప్పినవాడు లేడు.

మాస్టారు జేబులోంచి తీసి గట్టిగా ఊదాడు.

మిల్లు జట్టంతా ఎక్కడున్నవాళ్ళు అక్కడే ఆగిపోయారు. చేతులన్నీ ఒక్కసారిగా పైకి లేచాయి, వేళ్ళు విప్పి. గట్టు మీద కూర్చున్న ముసలి కోతగాళ్ళు కూడా, చేతికర్రలు జారవిడిచి, రెండు చేతులూ ఎత్తేశారు. బట్టీ జట్టు కుర్రాడొకడు బంతి తోసుకుంటూ నాలుగడుగులు వచ్చాడు. అడ్డం ఎవరూ రాకపోయేసరికి భయపడి ఆగాడు. జనంలో ఎవరో ఫక్కున నవ్వారు. ఇంకొందరు నవ్వారు. అంతలో ఏమిటో అర్థమైనవాళ్ళు పక్కవాళ్ళని మోచేత్తో పొడిచారు. నవ్వు పోయింది.

మాస్టారు విజిల్ వైపు, చేతుల వైపు మార్చి మార్చి చూశాడు. "ఏమైందయ్యా? ఆడండి!" అన్నాడు. ఒక్క చెయ్యి కదల్లేదు. బట్టీవాడు వెళ్ళి బంతిని చేత్తో ఎత్తి చంకలో పెట్టుకున్నాడు. ఆటలో అది తప్పు. ఎవరూ ఏమీ అనలేదు.

గోడ రాళ్ళ మధ్య నిలబడి ఉన్నాడు. విజిల్ చెవిన పడగానే కళ్ళు తమంతట తాము చేతుల మీదికే పోయాయి. మేస్త్రి మొండివేళ్ళు. పొడుగోడి పెద్ద అరచేతులు. అన్నీ ఉన్నాయి. చూపు వెనక్కి తిప్పుకోబోతూ ఆగాడు. ఆరోజు తిప్పుకున్నది ఇక్కడే.

ఈసారి చూపు కాస్త కిందికి దించి చూశాడు. చేతుల కింద మొహాలున్నాయి. పొడుగోడి కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకోవడానికి చెయ్యి దించడు. దించమనేవాడు లేడు. మేస్త్రి మొహం గట్టు వైపు తిరిగి ఉంది. ఒక్కొక్కళ్ళే అందరి మొహాలూ గట్టు వైపే తిరిగాయి, ఎర్ర రుమాలు ఉన్న చోటికి. నెల కిందట చూడనిదంతా ఇప్పుడు చూస్తున్నారు. గాలికి రుమాలు ఆడుతోంది. అక్కడ ఎవరూ లేరు.

వాళ్ళు అలా ఎంతసేపైనా ఉంటారని గోడకి తెలుసు. చీకటి పడేదాకా ఉంటారు.

నోరు తెరిచాడు. "అన్నీ ఉన్నాయి" అనాలి ముందు. ఆ మాట నాలుక మీదికి రానే లేదు. ఎలా వస్తుంది?

"దించండి" అన్నాడు.

ఎవరికీ వినపడలేదు. రాళ్ళు దాటి నాలుగడుగులు ముందుకొచ్చి, గుండెల నిండా గాలి పీల్చి, "దించండ్రా!" అని అరిచాడు.

అచ్చం ఆయన గొంతే. గట్టు మీద ఆడవాళ్ళ మధ్య కూర్చున్న తల్లి చప్పున లేచి నిలబడింది. చేతులన్నీ దిగాయి. దిగిన చేతులు దిగినట్టే మొహాలు కప్పుకున్నాయి. పొడుగోడు గడ్డిలో కూలబడి బావురుమన్నాడు. మేస్త్రి ఏడవలేదు. వంగి బూటు తాడు కట్టుకుంటున్నట్టు చాలాసేపు వంగే ఉన్నాడు. మేస్త్రి కాలికి బూటే లేదు.

తర్వాత ఆట ఆడారు. డ్రిల్లు మాస్టారు విజిల్ జేబులో పెట్టేసి రుమాలు పట్టుకున్నాడు. బట్టీవాళ్ళు గెలిచారు. గోడ ఒక్క బంతి కూడా సరిగ్గా పట్టలేదు. ఒకటి రాయి మీంచి పోయిందా లోపలినుంచి పోయిందా అని తగువు రాబోతే, "గోలే, గోలే" అని తనే ఒప్పుకున్నాడు. సోడాలు తాగుతున్నప్పుడు బట్టీవాడు తన సోడా తెచ్చి గోడ చేతిలో పెట్టాడు. "ఓడినవాడికి రెండు" అన్నాడు.

ఇంటికెళ్ళాక తల్లి అన్నం పెట్టింది. తింటున్నంతసేపూ ఎదురుగా కూర్చుని అతని చేతులే చూసింది. చెయ్యి కడుక్కుని వచ్చేసరికి, గూట్లో ఉండాల్సిన విజిల్ కంచం పక్కన ఉంది. నల్లతాడు తీసేసి వేరే తాడు కట్టింది. అది పెద్దాయన బూట్ల తాడు.

"అమ్మా, మధ్యాహ్నం మేం మాట్లాడుకున్నది విన్నావా?"

"టీ చల్లారిందా లేదా ఆరోజు?" అంది తల్లి.

"ఏమో. తాగేశాను."

"మీ నాన్నకి చల్లారిన టీ అంటే ఒళ్ళుమంట. తాగావు కదా, సరే." కంచం తీసుకుని లోపలికి వెళ్ళింది. చాలాసేపు బయటికి రాలేదు.

మర్నాడు పొద్దున్నే గోడ మిల్లుకి వెళ్ళాడు. పనివాళ్ళు ముందే వచ్చి గేటు బయట గుంపుగా నిలబడి ఉన్నారు. అతని మెడలో తాడు చూశారు. పక్కకి తప్పుకుని దారిచ్చారు. గేటు తీశాడు. నెలరోజుల రంపపు పొట్టు వాసన మొహాన కొట్టింది. చెక్కపెట్టె మీదికి ఎక్కలేదు. దాన్ని కాస్త పక్కకి జరిపి, ఆ చోట నేలమీదే నిలబడ్డాడు.

మేస్త్రి రంపం స్విచ్ మీద చెయ్యి వేసి, "వెయ్యనా బాబూ?" అన్నాడు.

"ఆగు మావయ్యా."

విజిల్ పెదాల మధ్య పెట్టుకున్నాడు. చల్లగా ఉంది. కళ్ళు మూసుకుని ఊదాడు. తెరిచేసరికి చేతులన్నీ పైనున్నాయి. ముందు మొహాలు చూశాడు, ఒక్కొక్కటే, తొందరపడకుండా. తర్వాత చేతులు చూశాడు.

"అబ్బ, లాగేస్తున్నాయి గోడబాబూ, ఇంతసేపా!" అన్నాడు పొడుగోడు.

"నీ మొహం పొడుగు కదా, టైం పడుతుంది. దించండి."

రంపం మొదలైంది. సరిగ్గా అప్పుడే బావ, కొనేవాళ్ళని వెంటబెట్టుకుని గేటు దగ్గరికొచ్చాడు. ఏదో అంటున్నాడు. మోతలో వినపడటం లేదు. చేత్తో సైగ చేశాడు, ఏమంటావు అన్నట్టు. గోడ అటు చూడలేదు. మొదటి దుంగ రంపం మీదికి వస్తోంది. మేస్త్రి సుద్దముక్కతో దాని మీద గీత గీస్తూ, ఏం కోయాలి అన్నట్టు తల ఎత్తాడు.

గోడ మైదానం వైపు చూసి, రెండు చేతులూ నిలువు కర్రల్లా పైకెత్తి, తర్వాత ఒక చేత్తో అడ్డకర్రలా తల మీదుగా గాల్లో ఒక గీత గీశాడు.